అట్టముక్కల ఖిల్లా

వర్నిలో మా తమ్ముడి బల్ల మీద జానెడు ఎత్తున నిజామాబాద్ ఖిల్లా ఉంది. బొమ్మ సైనికుల యుద్ధం ఆట కోసం వాడే చేశాడు. ఈ ఆటకు 1913లోనే హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అని నియమాల పుస్తకం రాశాడు. మావాడి సరంజామా మాత్రం పాత పెండ్లిపత్రికలు.

రాతిగోడ బొమ్మను లేజర్ ప్రింటర్ మీదే తీయిస్తాడు. ఇంక్‌జెట్ రంగు తడి తగిలితే కారిపోతుంది. అట్టకు ఒకవైపే కాగితం అంటిస్తే ఆరాక అప్పడంలా వంకర తిరుగుతుంది, అందుకని వెనకవైపూ ఒకటి. ఫెవికాల్ పలుచగా రాసి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తాడు. మడత దగ్గర కత్తి పెట్టడు. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కుతాడు.

నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి పని. కోసిన అంచుల్లో బయటపడే తెలుపును బూడిదరంగు స్కెచ్‌పెన్నుతో ఓపిగ్గా కప్పుతాడు. ఆ తెలుపు పోగానే కాగితం రాయైపోతుంది. నేనైతే ఇది ఎగ్గొడతాను. చివర రెండు పూతల వార్నిష్.

మొన్న మా చిన్నది బురుజు మీద చాయ్ ఒలకబోసింది. వాడు గుడ్డతో తుడిచి, పడిపోయిన సిపాయిని మళ్ళీ నిలబెట్టాడు.