వాలు తెలిసిన చెయ్యి

అండమాన్‌లోని మా గరాచర్మలో వాన కాస్త తెరిపిచ్చిందంటే చాలు, పిల్లలు వాకిట్లో చేరతారు. మొన్న వాళ్ల చేతుల్లో బంతి లేదు, పీచు వలిచిన కొబ్బరికాయలున్నాయి. దూరంగా ఓ నిమ్మకాయ పెట్టారు. ఎవరి కాయ దాని దగ్గరికి చేరితే వాళ్లదే గెలుపు. నేనూ ఒకటి తీసుకుని నిమ్మకాయకే గురిపెట్టి దొర్లించాను. సగందాకా బాగానే పోయింది. జోరు తగ్గగానే ఎడమకు ఒరిగి కాలవలో పడింది.

"సూటిగా ఏస్తే పోదు తాతా! కాయ ఎటు ఒరుగుద్దో సూసి పక్కకెయ్యాల" అంది పక్కింటి పిల్ల.

లాన్ బౌల్స్ అనే ఆట కిటుకంతా ఆ మాటలోనే ఉంది. అందులో వేసే బౌల్ కిలోన్నర దాకా బరువుంటుంది. చూడ్డానికి గుండ్రమే గానీ, కావాలనే ఒక పక్కకు ఒరిగేలా మలుస్తారు. ఆ వాలుకే బయాస్ అని పేరు. జోరుమీద ఉన్నంతసేపూ దాదాపు తిన్నగా పోతుంది, నెమ్మదించేకొద్దీ వంపు తిరుగుతుంది. గురిగా పెట్టే జాక్ అనే చిన్న బంతి కనీసం 23 మీటర్ల అవతల ఉంటుంది. ఆటగాడు దాన్ని చూసి వెయ్యడు, దానికి పక్కగా పచ్చికమీద ఓ చోటు ఎంచుకుని అటు వేస్తాడు. వేసేముందు బౌల్‌ను అరచేతిలో తిప్పి, చిన్న గుర్తు ఏ పక్కనుందో చూసుకుంటాడు. వాలు అటే గనక. అది తారుమారైతే ఎంత చక్కటి చెయ్యైనా వృథాయే.

2022 ఆగస్టు 2న బర్మింగ్‌హామ్‌లో మన నలుగురు మహిళల జట్టు ఈ ఆటలో కామన్వెల్త్ స్వర్ణం గెలిచినప్పుడు నాకు ఈ వాలే గుర్తొచ్చింది. అస్సాం అమ్మాయి నయన్‌మోని సైకియా మొదట బరువులెత్తేది. ఝార్ఖండ్ పోలీసు లవ్లీ చౌబే పరుగు పందేలనుంచి వచ్చింది. రూపారాణి తిర్కీ కబడ్డీ ఆడేది. ఢిల్లీలో పింకీ బడిపిల్లలకు వ్యాయామం నేర్పే టీచరు. ఈ ఆట ఆడాలని చిన్ననాడు కలగన్నవాళ్లు కారు. నయన్‌మోనికీ లవ్లీకీ గాయాలు పాత దారి మూసేశాయి. 2010 ఢిల్లీ క్రీడల్లో రూపా, పింకీ ఉన్న ముగ్గురి జట్టు నాలుగో స్థానంతో ఆగిపోయింది. పన్నెండేళ్లు అదే పచ్చికమీద వంగి, మోకాలు మడిచి, వేసిందే వేశారు. ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 8-2తో ముందుండి, 8-10తో వెనకబడి, చివరికి 17-10తో గెలిచారు. ఆ నిబ్బరం ఒక్కరోజులో వచ్చేది కాదు.

ఈ ఆటకు వయసు అడ్డం రాదు. ఇంగ్లండు బడిపంతులు డేవిడ్ బ్రయంట్ 1966లో ప్రపంచ సింగిల్స్ గెలిచి, ఇరవై రెండేళ్ల తర్వాత 1988లోనూ గెలిచాడు. నడుమ 1979 నుంచి వరసగా మూడేళ్లు ఇండోర్ ప్రపంచ టైటిలూ ఆయనదే. పచ్చికమీద తడి, గాలి, ఎండ ఉంటాయి. హాల్లో పరిచిన తివాచీ మీద అవేవీ ఉండవు. చెయ్యి ఒకటే అయినా లెక్క మార్చుకోవాలి. రెండుచోట్లా నెగ్గాడంటే, నేల ఏం చెబుతోందో అరికాలితో విన్నాడన్నమాట.

మాకు రెండు రుతుపవనాలూ తగులుతాయి. పచ్చిక మైదానం పెంచి కాపాడుకోవడం ఇక్కడ కష్టమే. కానీ 2026 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు ఈ ఆటను హాల్లోనే పెట్టారు. అలాంటప్పుడు మా దీవుల్లో ఒక హాలు, ఒక పొడవాటి తివాచీ, నాలుగు జతల బౌల్స్ పెద్ద కోరికా? కొబ్బరికాయ వాలు కనిపెట్టిన పిల్లలకు బౌల్ వాలు ఎంతసేపు?

కాలవలోంచి కాయ తీసుకుని మళ్లీ నిలబడ్డాను. దాని మూడు కళ్లూ ఎటున్నాయో చూసి చేతిలో తిప్పుకున్నాను. ఈసారి నిమ్మకాయను చూడలేదు. దానికి మూరెడు కుడిగా ఉన్న తడి రాయిని చూసి, వంగి, నెమ్మదిగా వదిలాను.