మలుపులో ఎడమచేతి విద్య

మోటారు నడుపు విద్యలోని సమస్త కౌశలమును ఒక్క క్రియలో పరీక్షింపవలసి వచ్చినచో దేనిని ఎన్నుకొందువని నన్నెవరైన అడిగినయెడల, నేను తటపటాయింపక యూ టర్నునే పేర్కొందును. తిన్నని రోడ్డుపై వేగముగ పోవుటకు ధైర్యము చాలును. హెచ్ ట్రాకులో వెనుకకు నడుపుటకు పాతిన కడ్డీల గుర్తులు జ్ఞాపకముంచుకొన్న చాలును. కాని వచ్చిన దిక్కునకే బండిని మరల్చి సాగిపోవుటకు కన్ను, చెవి, ఎడమచేయి, ఎడమకాలు ఒక్క మనస్సునకు లోబడి పనిచేయవలెను. ఆ నాలుగింటి పొందిక ఎట్టిదో గేరు నిర్ణయమునందే బయటపడును. బ్రేకు ఇన్‌స్పెక్టరు (మోటారు వాహన తనిఖీ అధికారిని మనవారు నేటికిని ఆ పేరుననే పిలుతురు) పక్క సీటులో కూర్చుండి "యూ టర్న్ తిప్పు బాబూ" అన్న క్షణమున అభ్యర్థి ఎడమచేయి గేరు కడ్డీపై ఎటు కదలునో గమనించిన, తక్కిన పరీక్ష జరుపకయే ఫలితము చెప్పవచ్చునని నా దృఢమైన అభిప్రాయము.

శాసనకర్తలకును ఈ సంగతి తెలియకపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 15వ నియమము, అభ్యర్థి చూపవలసిన నైపుణ్యములను వరుసగా పేర్కొనుచు, ముందు గేరుల చేతను వెనుక గేరు చేతను బండిని ఎదురు దిక్కునకు మరల్పగలుగుటను వానిలో చేర్చినది. టాప్ గేరునుండి రద్దీనిబట్టి క్రింది గేరులకు చప్పున దిగగలుగుటను వేరుగా చెప్పినది. ఈ రెండు వాక్యములను కలిపి చదువుకొన్నవానికి యూ టర్ను శాస్త్రమంతయు అందుననే ఇమిడియున్నట్లు తోచును. ఎల్.ఎల్.ఆర్. (నేర్చువారి లైసెన్సు) చేతికి వచ్చిన పిమ్మట 30 దినములు గడవనిదే పరీక్షకు రాగూడదని అదే నియమము విధించినది. ఆ దినములు ఎట్లు వెచ్చమగుచున్నవో పిదప చెప్పెదను.

ముందుగా స్థలము లెక్క చూతము. మారుతి 800 కారు కనిష్ఠముగ 4.4 మీటర్ల వ్యాసార్ధమున తిరుగును, స్విఫ్టునకు 4.8 మీటర్లు కావలెను. అనగా మొదటిదానికి 8.8 మీటర్లు, రెండవదానికి 9.6 మీటర్లు వెడల్పున్నగాని ఒక్క చుట్టున మరలుట పొసగదు. మన రెండు వరుసల తారురోడ్డు ప్రమాణమో, 7 మీటర్లు. కావున డివైడరు లేని సాధారణమైన రోడ్డుపై, మట్టి అంచునకు దింపినగాని, ఎంతటి ఘనుడైనను చిన్నకారును సైతము ఒక్క ఊపున త్రిప్పలేడు. ముందుకు, వెనుకకు, మరల ముందుకు పోవలసినదే. అట్టి తావున ఫస్టు, రివర్సు, ఫస్టు అనునదే మంత్రము. సెకండు గేరునకు అచ్చట చోటు లేదు. డివైడరుల నడిమి ఖాళీలో తిరుగుట వేరొక రకము. హైదరాబాదున కొన్నేండ్లుగా పెక్కు కూడళ్లను మూసి, కొంత దూరమున యూ టర్నులు ఏర్పరచినందున, ఈ రెండవ రకపు తిరుగుడు నగరవాసికి నిత్యకృత్యమైనది. ఫస్టా, సెకండా అను వివాదమంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

ఆ వివాదమును ఇంజనుచేతనే తీర్పింతము. చిన్నకార్లలో ఫస్టు గేరున ఇంజను ఇంచుమించు మూడున్నర చుట్లు తిరిగినగాని గేరుపెట్టె ఒక్క చుట్టును బయటికి పంపదు. సెకండున రమారమి రెండు చుట్లు చాలును. యాక్సిలరేటరు ముట్టక బండిని తనంత నడువనిచ్చినచో ఫస్టున గంటకు ఆరేడు కిలోమీటర్లు, సెకండున పది పదకొండు కిలోమీటర్లు పోవును. ఆ పదికి లోబడిన వేగమున సెకండు గేరును పట్టుకొని వ్రేలాడినచో ఇంజను మూలుగును, బండి ఒడలెల్ల వణకును, కడకు ఎదుటివాహనముల నడుమ అడ్డముగ నిలిచి ఆగిపోవును. ఇరువది వేగమున పోవుచు ఫస్టులోనికి త్రోసినచో ఇంజను కీచుమని అరచును, బండి ముందుకు తూలి తల విదిలించును. కావున బండి ఆగినను, మనిషి నడకపాటి వేగమునకు దిగినను ఫస్టు; ఆగక, పదునైదు ప్రాంతపు వేగమున, ఎదురు లేని విశాలమైన ఖాళీలోనికి ప్రవేశించునప్పుడు సెకండు. మలుపు పేరునుబట్టి గాక, మలుపులో అడుగిడునప్పటి వేగమునుబట్టియే గేరు ఏర్పడవలెను. ఆ ఏర్పాటు స్టీరింగు తిరుగకమునుపే ముగియవలెను. సగము మలుపులో గేరు మార్చువానికి ఒక్క చేతితో స్టీరింగు, ఒక్క కాలితో గతి, ఏ కంటితోను రోడ్డు అందవు.

నేర్పరి దీనిని ఎట్లు చేయునో దగ్గరగా చూడవలెను. అద్దములోనికి ఒక చూపు, కుడివైపు సూచిక, అవసరమైనచో కిటికీవెలుపల చాచిన కుడిచేయి. బ్రేకుపై కాలి బరువు క్రమక్రమముగ పెరుగును. వేగము తగ్గుచుండగా చెవి ఇంజను స్వరమును కనిపెట్టుచుండును. అది బొంగురుపోవుటకు లవమాత్రము ముందు ఎడమకాలు క్లచ్చును ముట్టును, ఎడమచేయి గేరు మార్చి మరల స్టీరింగును చేరును. ఎదుటినుండి వచ్చు బండ్లు తెగినంతనే క్లచ్చు సగమువరకు పైకి వచ్చి అచ్చట నిలుచును. పాలు పొంగుకు వచ్చు క్షణమెరిగి సెగ తగ్గించు ఇల్లాలికి గడియారముతో పని లేనట్లే, ఈ సగపు క్లచ్చు ఎచ్చట పట్టునో తెలిసినవానికి కొలతలతో పని లేదు. సీటు క్రింద సన్నని కంపనము, ముందుభాగము వెంట్రుకవాసి పైకి లేచుట, అంతియే గురుతు. బండి కదలిన మరుక్షణమున స్టీరింగు తిరుగవలెనేగాని నిలిచిన బండిపై తిప్పరాదు. చక్రములు నేలను రాచుకొని అరిగిపోవును, చేతులును నొచ్చును.

డివైడరు లేని రోడ్డున మరియొక సూక్ష్మము కలదు. వాననీరు నిలువకుండుటకై రోడ్డు నడుమ ఎత్తుగను అంచులు పల్లముగను ఉండును. ఫస్టు గేరున నడిమి ఎత్తును ఎక్కినంతసేపు యాక్సిలరేటరు కావలెను; నడిమి దాటగనే బండి తనంతట ఎదుటి అంచునకు జారును కనుక అప్పుడు కాలు బ్రేకుపై ఉండవలెను. అంచున పూర్తిగ ఆగినగాని రివర్సు గేరు వేయరాదు. ఆగకుండ వేసినచో గేరుపెట్టెనుండి వచ్చు గరగరధ్వని ఇన్‌స్పెక్టరు చెవికి చక్కగ వినపడును. పిమ్మట వెనుకకు ఎక్కవలసినది ఎగువకే. హ్యాండు బ్రేకు ఎత్తి, సగపు క్లచ్చున బండి లాగుచున్నదని తెలిసిన తరువాతనే దానిని దింపవలెను. డీజిలు బండిపై నేర్చి పెట్రోలు బండిపై పరీక్షకు పోవువారు ఇచ్చటనే భంగపడుదురు. యాక్సిలరేటరు లేకయే బరువు లాగు డీజిలు ఇంజను మన్నించిన తప్పిదమును చిన్న పెట్రోలు ఇంజను మన్నింపదు.

ఇక ఈ విద్య పుట్టుపూర్వోత్తరములు. మలుపున లోపలి చక్రమును వెలుపలి చక్రమును వేర్వేరు కోణములలో తిరుగునట్లు చేయు అమరికకు 1818లో లండనున ఆకర్‌మన్ అనువాడు పేటెంటు పొందెను. అది గుర్రపుబండ్ల కాలము. గేరుల పండ్లు ఒండొంటిని కొట్టుకొనకుండ వేగములను సరిచేయు సింక్రోమెష్ అమరిక 1928లో కాడిలాక్ కార్లతో వచ్చినది. చరిత్ర ఈపాటి చాలును. ఐనను ఈ రెండవ సంగతి మనకు ముఖ్యము. పాత అంబాసిడరు కార్లలో పై గేరులకు సింక్రోమెష్ ఉండెను, ఫస్టు గేరునకు లేకుండెను. నడుచుచున్న బండిని ఫస్టులోనికి దింపవలెనన్న డబుల్ క్లచ్ తెలిసియుండవలెను. అది తెలియని శిష్యునకు గురువు "ఆగితే ఫస్టు, ఆగకపోతే సెకండే" అని చెప్పెను. సముచితమైన మాటయే. బండ్లు మారి, 1983 డిసెంబరున మారుతి 800 వచ్చి, నడకవేగమున ఫస్టులోనికి దిగుట సులభమైన పిమ్మటను, ఆ సూత్రములోని మొదటిసగము రాలిపోయి "యూ టర్నుకు సెకండే" అను తోకమాత్రము డ్రైవింగు స్కూళ్లలో మిగిలినదని నా ఊహ.

డబుల్ క్లచ్చని అంటిని. దానిని చూడనివారు నిజముగ దురదృష్టవంతులు. క్లచ్చు తొక్కి న్యూట్రలు, క్లచ్చు వదలి యాక్సిలరేటరుపై చిన్న తాకు, మరల క్లచ్చు, క్రింది గేరు: ఇంతయు రెప్పపాటున, చప్పుడు లేక, బీడీ నోటినుండి కదలక జరుపు లారీ డ్రైవర్లు మన జాతీయ రహదారులపై ఒకప్పుడు కోకొల్లలు. క్లీనరుగ చేరి, చక్రములు కడిగి, ఏండ్లకొలది పక్కన కూర్చుండి చెవితో నేర్చిన విద్య అది. మన ఆర్టీసీ డ్రైవర్ల మాట చెప్పనేల? 1932లో నిజాము ప్రభుత్వము 27 బస్సులతో ప్రారంభించిన సంప్రదాయమునకు వారు వారసులు. పల్లెలో రాత్రి నిలిచెడి బస్సును వేపచెట్టునకును అరుగునకును నడుమ, కండక్టరు "రైట్ రైట్, పోనీ" అను కేకల నడుమ, మూడు కదలికలలో త్రిప్పి నిలుపు డ్రైవరును చూచి చేతులు జోడింపబుద్ధి వేయును. తిరుమల మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరచినది మొదలు, ఆ కొండమలుపులలో మలుపునకు ముందే గేరు దించుకొని, బ్రేకు కాలకుండ భక్తులను క్రిందికి చేర్చుచున్న చోదకుల కౌశలమునకు ఏ బిరుదు ఇచ్చినను తక్కువయే. 1964లో పాడీ హాప్‌కిర్క్ అను ఐరిష్ చోదకుడు మాంటికార్లో ర్యాలీలో పెద్ద పెద్ద కార్లను చిన్న మినీ కూపరుతో ఓడించెనని లోకము కొనియాడినది, కొనియాడదగినదే. ఐనను నిండు బస్సుతో ఘాటు దిగు మనవాని పేరు ఏ పత్రికయు వ్రాయదు.

ఇప్పటి సంగతి చెప్పవలసివచ్చినప్పుడు కలము వేడెక్కును. పక్కసీటు క్రింద తనకొక క్లచ్చును, తనకొక బ్రేకును అమర్చుకొన్న బోధకుడు, శిష్యుడు యూ టర్ను త్రిప్పుచున్నంతసేపు తన కాలితో తానే నడిపి, "భేష్, వచ్చేసింది" అని వెన్ను తట్టును. శిష్యుడు తాను నేర్చితినని నమ్మును. మరియొక స్కూలున క్లచ్చు పూర్తిగ తొక్కిపట్టి, దొర్లింపుమీదనే మలుపు త్రిప్పుట నేర్పుదురు. ఇంజను ఆగిపోదు, గేరు ఏదైనను ఇబ్బంది లేదు, పరీక్ష గట్టెక్కును. కాని పట్టు విడిచిన బండిని ఇంజను లాగనూ లేదు, నిలువరింపనూ లేదు. పల్లమున అట్టి బండి ఎటు పోవునో ఎవరికెరుక? ఇక ఏజెంట్ల సంగతి. ఇన్ని వేలు ఇచ్చినచో ట్రాకుపై చక్రము మోపకయే లైసెన్సు ఇంటికి వచ్చునని బహిరంగముగ చెప్పుకొను ఈ వర్తకమును నకిలీ మందుల వ్యాపారముతో సమానముగ ఎంచవలెను. ఆ 30 దినములు వీరి గుమాస్తాల సంచులలో గడచిపోవుచున్నవి.

ఆటోమాటిక్ బండ్ల భక్తులు నాపై ఆగ్రహింతురు గాక. వారి బండిని నేను దూషింపను. రద్దీలో మోకాలికి అది సుఖమే. కాని గేరు లేని మోటారుసైకిలుకు ఒక లైసెన్సు, గేరున్నదానికి వేరొక లైసెన్సు అని 1988 నాటి మోటారు వాహన చట్టము విభజించెనే, కారు విషయమున ఆ వివేకము ఏమైనది? ఆటోమాటిక్ కారుపై పరీక్ష నెగ్గినవాడు ఆటోమాటిక్ మాత్రమే నడుపవలెనని బ్రిటనులో కట్టడి కలదు. ఆ బ్రిటనువారును నిర్దోషులు కారు. ముందు వెనుక గేర్లతో రోడ్డుపై బండిని మరల్చు అంశమును 2017 డిసెంబరు 4 నుండి తమ పరీక్షనుండి తొలగించిరి. మన పరీక్షయందు ఆ అంశము ఇంకను నిలిచియున్నది, ఇది మన భాగ్యము. ఐనను 2021లో వచ్చిన నియమములచే, గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రమున 29 గంటలు నేర్చినవారికి రవాణాశాఖ పరీక్షనుండి మినహాయింపు దొరకుచున్నది. అందు 21 గంటలు బండిపై గడపవలెనను నిబంధన మెచ్చదగినది. ఆ 21 గంటలలో సగపు క్లచ్చుకు ఎన్ని గంటలు కేటాయింతురో ఆ కేంద్రములవారే బహిరంగముగ చెప్పిన బాగుండును.

బ్రేకు ఇన్‌స్పెక్టరులకు నాదొక్కటే మనవి: హెచ్ ట్రాకు, ఎనిమిది అంకె ట్రాకు ముగిసిన పిమ్మట అభ్యర్థిని డివైడరు లేని ఒక రోడ్డునకు తీసికొనిపోయి, మాట్లాడక కూర్చుండి, ఇంజను ధ్వని వినుడు. బోధకులారా, ఆ రెండవ క్లచ్చుపైనుండి మీ కాలు తీయుడు. పరీక్షకు పోవు యువకులారా, యువతులారా, ముందు రోజు ఏసీ ఆర్పి, ఖాళీ మైదానమున ఫస్టు గేరు వేసి, యాక్సిలరేటరు ముట్టక, క్లచ్చుతోనే బండిని కదలించి ఆపుట అలవాటు చేసికొనుడు. ఇన్‌స్పెక్టరు యూ టర్ను అనినప్పుడు బండిని ఆపి, ఫస్టు వేసి, తీరుబడిగ త్రిప్పుడు. ఆగి త్రిప్పుట తప్పని ఏ నియమావళియందును లేదు.