దాత పక్షాన చదవడం: పాలమూరు దాన దస్తావేజు వచనంపై ఒక పరిశీలన

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల సాహిత్య చరిత్రలో దానం కేంద్రస్థానంలో ఉన్న మాట. రాజు కవికి అగ్రహారమిచ్చాడు, కవి రాజుకు కృతినిచ్చాడు. ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మీదనే నిలిచింది. ఆచార్య తూమాటి దొణప్ప ‘ఆంధ్ర సంస్థానములు - సాహిత్య పోషణము’ మొదలుకొని ఈ ప్రాంతంపై వచ్చిన పరిశోధన చాలావరకు ఈ దానాలను నమోదు చేసి, వర్గీకరించి, ప్రశంసించింది. అదే నేలమీద ఇవాళ రాయబడుతున్న మరొక దానపత్రం మాత్రం మన దృష్టికి రాలేదు. ముసలితనం మీదపడిన రైతు తన మూడెకరాలో ఐదెకరాలో కొడుకు పేర రాసి ఇచ్చే దాన దస్తావేజు అది. దానిని రెవెన్యూ కాగితంగా చూశామే గాని తెలుగు వచనంగా చదవలేదు. మన దానపత్రపు భాష గ్రహీతను కాపాడటానికి తయారైన భాష అనీ, దాత బలహీనుడైన చోట కూడా దానినే మార్పులేకుండా వాడుతున్నామనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

గద్వాల ప్రాంతంలో పుట్టి, న్యాయశాస్త్రం చదివి, 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాన్ని సాంఘిక పత్రంగా చదివే పద్ధతిని మనకు నేర్పాడు. ఇక్కడ చేయవలసింది దానికి తిరుగు పని: పత్రాన్ని కావ్యమంత శ్రద్ధగా చదవడం.

దస్తావేజు నిర్మాణం అందరికీ తెలిసినదే. తేదీ, గ్రామం, మండలం, జిల్లా, రాసి ఇచ్చువారి పేరు, తండ్రి పేరు, వయస్సు, వృత్తి, రాయించుకొనువారి వివరాలు అదే క్రమంలో, ఆపైన ‘ఏమనగా’. అక్కడి నుంచి గొంతు మారుతుంది. ఆస్తి తనకు పిత్రార్జితమో స్వార్జితమో చెప్పుకొన్న దాత ‘మీరు నాకు కుమారులైనందున మీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత’ దానం చేస్తున్నానంటాడు. ‘ఈ దినముననే స్వాధీనపరచితిని’ అంటాడు. ‘ఇది మొదలు సదరు ఆస్తిపై నాకు గాని నా ఇతర వారసులకు గాని ఎట్టి హక్కును లేదు’ అంటాడు. గ్రహీత దానిని ‘దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా’ అనుభవించవలసినదని ముగిస్తాడు. తరువాత చతుస్సీమలు, సాక్షులు, వేలిముద్ర.

ఇందులోని క్రియలను విడదీసి చూస్తే విషయం తేటపడుతుంది. ఇచ్చితిని, స్వాధీనపరచితిని, వదులుకొంటిని: చేసిన పనులన్నీ దాతవి, అన్నీ భూతకాలంలో ముగిసిపోయినవి. గ్రహీతకు మిగిలిన క్రియ అనుభవించడం ఒక్కటే. ‘అనుభవించవలసినది’ అన్నది ఈ వచనంలో ఉన్న ఏకైక విధ్యర్థకం; అది కూడా భోగానికే విధి. కొడుకు ఏమి చేయవలెనో చెప్పే క్రియ పత్రంలో ఎక్కడా లేదు.

ఇక ‘ప్రేమాభిమానములు’. విక్రయ దస్తావేజులో సరిగ్గా ఈ స్థానంలో రూపాయల సంఖ్య ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దానానికి ప్రతిఫలం ఉండకూడదు గనుక సంఖ్య ఉండవలసిన ఖాళీలో ప్రేమ వచ్చి కూర్చుంది. రాసి ఇచ్చే మనిషి మనసులో ఉన్నది మాత్రం వేరు. చివరిదాకా బువ్వ పెడతాడని, మంచాన పడితే దవాఖానకు తీసుకుపోతాడని ఆయన లెక్క. పాలు పంచుకొనేనాడు పాలోళ్ల ముందర ఆ మాట నోటితో అనుకొంటారు కూడా. కాగితం మీదికి వచ్చేసరికి ఆ లెక్కంతా ఒక సమాసంలో కరిగిపోతుంది.

ఎందుకు కరిగింది? యాజ్ఞవల్క్యస్మృతి లేఖ్యప్రకరణంలోకి వెళితే నేటి దస్తావేజు అస్థిపంజరం దాదాపు యథాతథంగా కనిపిస్తుంది. సంవత్సరం, మాసం, పక్షం, దినం, పేర్లు, తండ్రుల పేర్లు ఉండాలని. పైన రాసినది సమ్మతమని బాధ్యుడు స్వహస్తంతో రాయాలని. సాక్షులు తండ్రిపేరుతో సహా నమోదు కావాలని. చివర లేఖకుడు తన పేరు చెప్పుకోవాలని ఆ ప్రకరణం నిర్దేశిస్తుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుని మితాక్షర వ్యాఖ్య; దానిని 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు. మన సాహిత్య చరిత్రలు దానిని తొలి తెలుగు ధర్మశాస్త్ర గ్రంథమని ఒక వాక్యంలో చెప్పి ‘దశకుమారచరిత్ర’ వైపు నడిచిపోతాయి. దాని వ్యవహారకాండ చదవవలసినంత మంది చదవలేదు.

ఈ సంప్రదాయంలో దానానికి ఒక హద్దు ఉంది. కుటుంబానికి విరోధం కలగకుండానే ఇవ్వాలి, సంతానం ఉన్నవాడు సర్వస్వం ఇవ్వరాదు అని యాజ్ఞవల్క్యుని మాట. అంటే దాత నుంచి కుటుంబాన్ని కాపాడే ఏర్పాటు ఉంది. కుటుంబం నుంచి దాతను కాపాడే మాట దానప్రకరణంలో లేదు, ఎందుకంటే దాని అవసరం కనిపించలేదు. వృద్ధులైన తల్లిదండ్రులను నూరు అకార్యాలు చేసి అయినా పోషించవలెనని మనువు పేర మితాక్షర ఉదహరిస్తుంది. పోషణ ధర్మమైన చోట పత్రం దానిని తిరిగి చెప్పనక్కరలేదు. నేటి దస్తావేజులోని మౌనానికి మూలం ఇక్కడ ఉంది. అది అజాగ్రత్త కాదు. ఒకనాటి నమ్మకం మిగిల్చిన ఖాళీ.

శాసనాలు ఈ వాదాన్ని మరింత స్పష్టం చేస్తాయి. అలంపురం ఈ ప్రాంతపు శాసన విద్యార్థులకు మొదటి బడి. దానశాసనాల సాధారణ లక్షణాలు తెలిసినవే: దాత వంశప్రశస్తి, దత్తభూమి ఎల్లలు, ఆచంద్రార్కం చెల్లవలెనన్న కోరిక, చివర శాపశ్లోకం. ఆ దానాన్ని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడన్న ఆ శాపం ఎవరిని ఉద్దేశించినది? దాత తరువాత వచ్చే రాజులను. ఎవరిని కాపాడటానికి? గ్రహీతను. చేతిలో కత్తి ఉన్నవాడు దాత, చేతిలో పత్రమొక్కటే ఉన్నవాడు గ్రహీత అయిన లోకంలో అది న్యాయమైన ఏర్పాటే. సంస్థాన ప్రభువులు పండితులకిచ్చిన ఈనాములలోనూ బలాబలాలు అవే. శాపం పోయింది, ఎల్లలు మిగిలాయి, ఆచంద్రార్కం ‘పుత్రపౌత్ర పారంపర్యము’గా కొనసాగుతోంది. దాత మాత్రం డెబ్బై ఏళ్ల రైతు అయ్యాడు. దానం పూర్తయిన మరుక్షణం నుంచి ఆశ్రితుడు అతడే.

సంస్థానాలలోనే దీనికి ముందుజాడ ఉంది, వితంతువులైన రాణుల విషయంలో. వనపర్తిలో మొదటి రామేశ్వరరావు 1866లో మరణించిన తరువాత రాణి శంకరమ్మ, గద్వాలలో 1924లో సీతారామభూపాలుని మరణానంతరం మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ సంస్థానభారం వహించారు. మన గ్రంథాలు వారిని పోషకురాళ్లుగా కీర్తిస్తాయి. దత్తతను వంశవృక్షంలో ఒక గీతగా చూపుతాయి. కాని 1956కు పూర్వపు హిందూ ధర్మశాస్త్రం ప్రకారం వితంతువు దత్తత చేసుకొంటే భర్త నుంచి తనకు సంక్రమించిన ఆస్తి దత్తపుత్రునికి పోతుంది. వారసుణ్ణి తెచ్చుకొన్న సంతకమే ఆమె ఆస్తిని తీసివేస్తుంది. అందువల్లనే దత్తతకు ముందు జీవితకాలపు హక్కును నిలుపుకొనే ఒడంబడికలు బ్రిటిషిండియా న్యాయస్థానాల ముందుకు వచ్చాయి. 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం ఈ స్థితిని మార్చి, దత్తత వల్ల ఆమె ఆస్తి పోదని చెప్పింది. రాణికి వచ్చిన ఆ మెలకువ రైతు దస్తావేజులోకి దిగలేదు. సంస్థానాల దత్తత పత్రాలను పోషణ చరిత్ర కోసం కాక ఈ దృష్టితో వెదకడం ఎవరైనా యువ పరిశోధకులు చేపట్టదగిన పని.

దానం కాక వేరే దారి లేదా అంటే ఉంది: వీలునామా. ఇంగ్లీషు ‘విల్’కు పారసీక ‘నామా’ తగిలించి తెలుగు కల్పించుకొన్న ఈ మాట మన పరిపాలనా చరిత్రకు చక్కని నమూనా. సంస్కృతంలో మరణశాసనం అంటే గంభీరంగా ఉంటుంది గాని జనం నోట నిలిచింది వీలునామాయే. దాన దస్తావేజుకూ దీనికీ భేదమంతా కాలవాచకంలో ఉంది. అక్కడ ‘ఇది మొదలు’, ఇక్కడ ‘నా తదనంతరము’. రెండవదానిని దాత బ్రతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఇంత సులభమైనదాన్ని వదిలి ‘ఇది మొదలు’ అని ఎందుకు రాస్తున్నారన్న ప్రశ్నకు జవాబు భాషలో లేదు, పట్టాలో ఉంది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల వయసున్న పట్టాదారులకే వర్తిస్తుంది. మరణిస్తే కుటుంబానికి ఐదు లక్షల రూపాయలు. అరవై దాటిన తండ్రి పేరున ఉన్న భూమి తండ్రికీ బీమా ఇవ్వదు, దానిని దున్నుతున్న కొడుకుకూ ఇవ్వదు. వీలునామా చేతిలో ఉన్న కొడుకు పట్టాదారు కాడు. ఇంటి బాగుకోరే తండ్రి భూమిని ముందే రాసి ఇవ్వడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు. తండ్రి పోయాక విరాసత్ చేయించుకోవాలంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరి సమ్మతి కావాలి. పని కోసం దూరదేశాలకు చెదిరిన కుటుంబాలలో అది సులువు కాదు. 2005 సవరణ తరువాత ఆడబిడ్డలకు సమానహక్కు వచ్చిందన్న సంగతి కూడా కొన్ని దస్తావేజులకు చెప్పని కారణమని నా అనుమానం. తండ్రి ప్రేమ కొడుకుల పేర మాత్రమే రాయబడటాన్ని వేరే ఎలా చదవాలి?

ఈ వచనాన్ని అత్యంత నిశితంగా చదివేది తెలుగు శాఖ కాదు, ఆర్డీవో కార్యాలయంలోని ట్రిబ్యునల్. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద వృద్ధులు రెండు రకాలుగా అక్కడికి వెళ్లవచ్చు. పోషణ అడగవచ్చు, చట్టం నిర్ణయించిన గరిష్ఠం నెలకు పదివేల రూపాయలు. లేదా 23వ సెక్షన్ కింద, ఇచ్చిన ఆస్తి బదిలీని చెల్లనిదిగా ప్రకటించమనవచ్చు. రెండవదానికి, తన కనీస అవసరాలు చూడవలెనన్న షరతుతో బదిలీ జరిగి ఉండాలి. కొడుకు చూడలేదన్నది ఒక్కటే చాలదు. చూడాలని ముందే చెప్పావా అన్నది ప్రశ్న. అప్పుడు దస్తావేజు తెరుస్తారు, ప్రేమాభిమానాలు కనిపిస్తాయి.

2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు ఈ సమాసాన్నే తూచింది. ఆప్తులకు ఆస్తి ఇచ్చినంతమాత్రాన పోషణ షరతు దానికి అంటి ఉందనుకోలేమని, ఏమీ ఆశించకుండా ప్రేమతో ఇవ్వడం తరచు జరిగేదేనని చెప్పింది. రెండేళ్ల తరువాత, 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే న్యాయస్థానం తల్లి ఇచ్చిన దానాన్ని రద్దు చేసింది. ఈ చట్టాన్ని వృద్ధుల మేలు దృష్టిలో ఉంచుకొని ఉదారంగా చదవాలంది. ఈ రెండింటిని పరస్పర విరుద్ధమైన తీర్పులుగా చూపడం వాడుక అవుతోంది. సాహిత్య విద్యార్థికి అంతకంటే ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. రెండవ కేసులో పోషణ మాట దానపత్రంలోనే ఉంది, వెంట ఒక వచనపత్రం కూడా ఉంది. కొడుకు నోటిమాట అక్కడ రాతలోకి వచ్చింది. తీర్పు మారడానికి న్యాయమూర్తి ఔదార్యమెంత కారణమో, ఆ పత్రంలో గ్రహీతకు ఒక క్రియ ఉండటం అంత కారణం.

మన విమర్శ ఆస్తినీ వారసత్వాన్నీ చూడలేదని కాదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’పై జరిగినంత చర్చ మరే తెలుగు కథపైనా జరగలేదేమో. అది తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకోవడం గురించిన కథ. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న సూత్రాన్ని న్యాయస్థానాలు ఇక అమలు చేయరాదని 2005 సవరణ చెప్పడానికి ఎంతో ముందే ఆ ధర్మపు క్రౌర్యాన్ని చూపింది. అప్పు కిందికి దిగడాన్ని చదివిన విమర్శ, తండ్రి బ్రతికి ఉండగానే భూమి కిందికి దిగడాన్ని చదవలేదు. పాలమూరు వలసపై వచ్చిన పాటా కవిత్వమూ ముసలివారిని గడపలో ఎదురుచూసేవారిగా నిలిపాయి. ఆ చిత్రం నిజమే, ఆర్ద్రమైనదే. కాని ఆ గడప ఎవరి పేరున ఉందని అడిగిన కవిత అరుదు. కొడుకుల మధ్య నెలవంతులు తిరిగే తల్లి దుఃఖాన్ని కృతఘ్నత కథగా మాత్రమే చదివినంతకాలం దానిలోని కాగితం మనకు కనబడదు.

ఒక పక్కమాట. నాగర్‌కర్నూలు సమీపంలోని వర్ధమానపురం ఏలిన గోన వంశంలోని బుద్ధారెడ్డి, తండ్రి విఠలుని ఆజ్ఞతో, తండ్రి పేర ‘రంగనాథ రామాయణం’ రచించాడని సంప్రదాయం. ఆ గ్రంథ కర్తృత్వ వివాదంలోకి ఇక్కడ పోనక్కరలేదు. కొడుకు తన రచనను తండ్రి పేర రాసిన ఆ దానంలో పత్రం కింది నుంచి పైకి పోయింది. నేటి దస్తావేజులలో అలాంటి దిశ నాకు తెలిసినంతలో లేదు.

షరతు రాయడానికి తెలుగులో మాటలు లేవా? మనోవర్తి ఉంది, అన్నవస్త్రాలు ఉంది, యావజ్జీవం ఉంది. ‘నా యావజ్జీవము నాకును నా భార్యకును అన్నవస్త్రములు, నివాసము, వైద్యము జరుపవలెనను షరతుపై ఈ దానము చేయుచున్నాను, అట్లు జరుపనియెడల ఈ దానము రద్దు కాగలదు’ అని రాస్తే గ్రహీతకు ‘జరుపు’ అన్న క్రియ వస్తుంది, పత్రంలో మొదటిసారి. ఇక్కడ కూడా భాష తెలిసి రాయాలి. ‘జరుపనియెడల’ అన్న చోట కోపంతో ‘నాకు ఇష్టము లేనియెడల’ అని రాయిస్తే కథ మారిపోతుంది. దాత ఇష్టం ఒక్కదానిమీదనే రద్దయ్యే దానం ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ప్రకారం చెల్లదు. రద్దుకు కారణం గ్రహీత చేయని పని కావాలి, దాత మారిన మనసు కాకూడదు. కర్త ఎవరన్నది ఇక్కడ వ్యాకరణ ప్రశ్న మాత్రమే కాదు. దస్తావేజు లేఖకులకు ఈ భేదం ఎవరూ నేర్పలేదు. మన పాఠ్యప్రణాళికలలో లేఖ్యరచనకు చోటు ఉన్న చోట కూడా అది సెలవుచీటీ, ఉద్యోగ దరఖాస్తుల దగ్గరే ఆగిపోయింది.