ధాతుపేటికలు – తూకపు రాయి

ఆత్మకూరు పూర్వము అమరచింత సంస్థానమునకు రాజధాని. అచ్చటి అంగడిలో నొకనాడు పాత యిత్తడి సామాను తూకమునకు పోవుచుండగా చూచితిమి. పగిలిన చెంబును, తీగెలు చెక్కిన తాంబూలపు పెట్టెయు ఒక్క తక్కెడలో పడినవి. రెంటికిని ఒక్క ధరయే కట్టిరి. నగ చేయించునపుడు మజూరికిని తరుగునకును గొణుగుకొను మనకు ఇందు వింతయేమియు తోచదు. లోహమే సొత్తు, పని వట్టి వ్యయము అను నీ తలంపు ఎట్టి చేటు తెచ్చునో మధ్యయుగపు క్రైస్తవుల ధాతుపేటికల చరిత్రము చెప్పగలదు.

పునీతుల యెముకలను, వస్త్రఖండములను దాచుటకు చేయించిన పెట్టెలివి. 12వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు లిమోజ్ పట్టణమున వీనిని విరివిగా చేసిరి. లోపల కొయ్య, పైన రాగిరేకు. ఆ రేకులో గుంటలు తొలిచి, రంగుగాజు పొడి నింపి, కొలిమిలో కరగించి, నునుపుచేసి, మిగిలిన రాగికి బంగారుపూత పూసెడివారు. 1170లో తన దేవాలయముననే హతుడైన కాంటర్‌బరీ మతగురువు తామస్ బెకెట్ కథను చిత్రించిన యిట్టి పేటికలు నలువదికి పైగా నేటికిని నిలిచియున్నవి. ఆయన సమాధిపై బంగారు రేకులతో, రత్నములతో వెలసిన మందిరమో? 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు దానిని పడగొట్టించి, బంగారమును బొక్కసమునకు చేర్చెను. తూకమునకు దొరకిన బంగారము మాసిపోయినది; తూకమునకు చాలని రాగి మిగిలినది!

అస్థిపూజను మేము సమర్థింపము. బంగారు పేటికలు కన్నులను మిరుమిట్లుగొలిపి దాతల సంచులు విప్పించుచుండగా బీదలు ఆకలిగొనియున్నారని 12వ శతాబ్దముననే బెర్నార్డు అను సన్న్యాసి మందలించెను. ఆ మందలింపు న్యాయమైనదే. కాని యది ఆడంబరమునకు తగులును గాని పనివాని సుత్తికి తగులదు. మౌఢ్యమును తొలగింపవలెనన్న పెట్టెను కరగింపనక్కరలేదు.

ఆడంబరము లేని పనితనమునకు సాక్ష్యము మన కృష్ణాతీరముననే కలదు. ఆత్మకూరు చేరువగా పారు నీ నదియే దిగువను నాగార్జునకొండ లోయను తాకినది. అచ్చటి మహాచైత్యమున లాంగ్‌హర్‌స్టు దొర త్రవ్వకములలో ముప్పాతిక అంగుళపు బంగారు భరిణె యొకటి బయల్పడెను. అందొక చిన్న యెముక తునక. దానిని పొదిగినది స్తూపాకారమైన వెండి భరిణె. ఇంకను దిగువ భట్టిప్రోలులో 1892లో రీ దొరకు రాతి పేటికలును స్ఫటికపు భరిణెయు దొరకినవి. ఇవన్నియు మట్టిలో పూడ్చుటకే చేసినవి. ఏ యాత్రికుని కన్నునకును ఆనని చోటికి పోవలసిన వస్తువును ఇంత నునుపుగా తీర్చిన చేయి ఎవరి మెప్పును కోరినది?

ఆ చేతి పేరు మాత్రము మనకు దక్కలేదు. కురుని తండ్రియు తల్లియు, కురుడును, శివుడును పేటికను, స్ఫటికపు భరిణెను ఇచ్చిరని భట్టిప్రోలు లేఖ యొకటి చెప్పుచున్నది; స్ఫటికమును తొలిచినవాని నది చెప్పదు. ఐరోపాలోను చాలవరకు నిట్లే. ఐనను వెర్డూను నికొలాసు 1181లో క్లోస్టర్‌న్యూబర్గు మఠమునకు చేసిన పలకలపై తన పేరు నిలుపుకొనెను. దాత పేరు చెక్కి పనివాని పేరు మరచుట మన దేవళములలో నేటికిని మానలేదు.

జనగామ చెంత పెంబర్తిలో నేడును ఇత్తడి రేకుపై సుత్తితో, ఉలితో పూవులు, దేవతామూర్తులు లేపుచున్నారు. గృహిణులకు మా మనవి యొక్కటే. పాత పెట్టెను తక్కెడలో వేయుటకు ముందు ఒకపరి మూత తీసి, చెక్కుడు పనిని వ్రేలితో తడవి చూడుడు. క్రొత్తది చేయించునపుడు మజూరిని గీచి గీచి బేరమాడకుడు. చేసినవాని పేరడిగి అడుగున చెక్కింపుడు. తూకపు రాయికి లోహము తెలియును గాని చేయి తెలియదు.