ఎవరు తిరిగొస్తే అది ‘పల్లెకు రావడం’?

మన కథల్లో, సినిమాల్లో పట్నం విసుగెత్తి పల్లెకు పోయేవాడు నేరుగా వూళ్ళోకి పోతాడు. రచ్చబండ, రామాలయం, పచ్చని చేను, చేనుగట్టు మీద ఒక ముసలి రైతు. వాడు వాడలోకి పోడు. అక్కడ వాడికి యిల్లు లేదు, చుట్టం లేడు, చూడదగ్గది ఏమీ లేదు. ‘పల్లెకు పోదాం’ అనే భావజాలం మొత్తం యీ దారి తేడా మీదనే నిలబడి వుంది.

కర్నూలు, కడప మెట్టపొలాల్లోంచి చదువు పట్టుకొని బయటపడ్డ మొదటి తరం మాది. ‘సరళ జీవితం’ అనే మాట దగ్గరే మేం ఆగిపోతాం. పూటకింత సంగటి, రెండు జతల గుడ్డలు, ఒక అర యిల్లు. వాడలో వీటిని ఎవరూ ఎంచుకోలేదు. వదులుకోవడానికి ఏదో వున్నవాడు తగ్గించుకుంటే దాన్ని సరళత అనొచ్చు. వదులుకోవడానికి ఏమీ లేనివాడి బతుక్కి కూడా అదే పేరు పెట్టి, పైగా మెచ్చుకుంటే వాని నోరు మూసినట్టే.

2019 మేలో వచ్చిన ‘మహర్షి’నే చూద్దాం. అమెరికాలో పెద్ద కంపెనీ నడిపే రిషి స్నేహితుని కోసం రామవరం వస్తాడు. గ్యాస్ పైప్‌లైను కింద పోబోయే భూముల పక్షాన నిలబడతాడు, చివరికి వ్యవసాయాన్ని గౌరవించమని లోకానికి చెబుతాడు. ఆ సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. కొన్నాళ్ళపాటు సెలవు రోజున చేలోకి దిగి ఫోటో తీయించుకోవడం కూడా ఒక వేడుకయింది. రైతు పక్షాన మాట్లాడటం మంచిదే. కానీ ఆ ‘రైతు’ అనే మాట పట్టా పుస్తకం వున్నవాని దగ్గరే ఆగిపోయింది. భూమి పోతే నష్టపరిహారం పట్టాదారుకు వస్తుంది. ఆ చేలో కలుపు తీసే మనిషికి పోయేది కూలి, దానికి పరిహారం రాసే కాగితం లేదు. సెలవురోజు ఫోటోలో ఆమె లేదు, కలుపు ఆమె తీసిందే అయినా.

యిది యివాళ పుట్టిన జబ్బు కాదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేద్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ, మతతత్వానికీ నెలవుగా లెక్కగట్టినాడు. గ్రామాన్ని పక్కనబెట్టి వ్యక్తిని ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషించినాడు. సభలో చాలామంది నొచ్చుకున్నారు. అదే నెల 22న సంతానం తెచ్చిన గ్రామ పంచాయతీల సవరణను మన టంగుటూరి ప్రకాశం బలపరచినాడు. అంబేద్కర్ వొప్పుకున్నాడు, అది 40వ అధికరణం అయింది. మన సాహిత్య విమర్శ ఆ నెలలో 22వ తేదీ దగ్గరే కూర్చుండిపోయింది, 4వ తేదీని చదవనే లేదు. చదివివుంటే 1998 జూలైలో కర్నూలు జిల్లా వెంపెంటలో దళితుల్ని ఊచకోత కోసినంక కూడా ‘ప్రశాంత పల్లె’ అనే మాట అంత తేలిగ్గా కలం నుంచి జారేది కాదు.

యిప్పుడు ఒక మాట గురించి చెప్పాల. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు జనం ‘సుగ్గికి పోతాండాం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, కోతల పండగ. మా వైపుకొచ్చేసరికి దానికి ఎవరిదో పంట కోయడానికి వూరు వదిలిపోవడం అనే అర్థం వచ్చింది. మా చేన్లో కోయడానికి ఏమీ మిగలనప్పుడు మేం చేసే పని పేరు సుగ్గి! వానలు మొండిచెయ్యి చూపినంక గుంటూరు, పల్నాడు మిరపచేలకు పిల్లా జెల్లా, గిన్నెలూ చాపలూ వాహనంలో ఎక్కించుకొని పోతారు. కొందరు తెలంగాణ పత్తిచేలకు, యింకొందరు బెంగుళూరు కట్టుబడి పనులకు. తాళం వేసిన తలుపు ముందర ముసలివాళ్ళు మిగులుతారు. బడులు ఖాళీ అవుతాండాయని సర్కారే సీజనల్ హాస్టళ్ళు పెట్టాల్సొచ్చింది. పాత కడప జిల్లా రాయచోటి, రాజంపేట వైపు ఆడవాళ్ళు కువైట్ యిళ్ళల్లో పాచిపనికి పోయి, కన్నబిడ్డలు గుర్తుపట్టలేనన్ని ఏండ్లకు తిరిగొస్తారు.

వీళ్ళందరూ పల్లెకు తిరిగొచ్చేవాళ్ళే. సుగ్గివాళ్ళయితే ఏటేటా వస్తారు. వలసల మీద సీమలో మంచి కథలున్నాయి, కాదనం. కానీ విమర్శ వాటిని ‘కరువు కథలు’ అని ఒక అరలో పెట్టేసి, ‘పల్లెకు తిరుగు ప్రయాణం’ అనే అరను మాత్రం ఆస్తిపరుని కొడుక్కు అట్టిపెట్టింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు యీ రెండు రాకలూ పక్కపక్కన కనబడినాయి. కంపెనీ పని యింటినుంచి చేసే యువకులు సొంతూరి వేపచెట్టు నీడన పల్లె గొప్పతనం రాసుకుంటుంటే, మిరపచేలలో చిక్కుకున్న కర్నూలు కూలీలు సొంతూరికి పోనివ్వమని అధికారుల్ని బతిమాలుకున్నారు.

యీ కరువు నేలలోంచే ‘కొండపొలం’ వచ్చింది. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన నవల యిది. 2021 అక్టోబరులో క్రిష్ దర్శకత్వంలో సినిమా అయింది. రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కడప జిల్లావాడు, ఆ నేల మాట ఎరిగినవాడు. చదువుకొని హైదరాబాదులో ఉద్యోగం దొరక్క వూరికొచ్చిన గొల్ల యువకుడు, మేతా నీళ్ళూ లేక గొర్రెల్ని నల్లమలకు తోలుకుపోయే గుంపుతో తానూ కొండెక్కుతాడు. రచ్చబండ సాహిత్యం కంటే యిది ఎన్నో రెట్లు నిజం. కాపరుల తెలివిని తెలివిగానే గౌరవించింది. ఏ ఆకు గొర్రె మేస్తాది, పులి జాడ ఎట్లా పట్టాల, నీళ్ళు యాడ దొరుకుతాయి అనేవి తెలిసినోళ్ళే అక్కడ పంతుళ్ళు. యూనివర్సిటీ మెట్లెక్కినంక మా యింటి తెలివికి మేమే సిగ్గుపడిన రోజులున్నాయి గనక యిది మాకు గట్టిగా తగిలింది.

అయితే ఆ పిల్లవాడు కొండలో వుండిపోడు. సినిమాలో అతను తన కథ చెప్పుకునేది అటవీ సర్వీసు యింటర్వ్యూ బోర్డు ముందర. కొండ యిచ్చిన ధైర్యం ఉద్యోగంగా మారినప్పుడే కథ తీరానికి చేరుతుంది. దీన్ని మేం తప్పు పట్టం. బహుజనుల యింట్లో సర్కారీ ఉద్యోగం ఎంత బరువైన సంగతో తెలిసే రాసినారు. ‘ప్రకృతి వొడికి తిరిగిపోయిన కథ’ అని దీన్ని మెచ్చుకునేవాళ్ళు మాత్రం రెండు సంగతులు మింగేస్తారు. కొండకు తోలింది కరువు. కొండనుంచి దించింది కొలువు.

యింకొకటి. గొర్రెలు నడిచే ఆస్తి. మంద వున్నవాడు మందను తోలుకొని కొండకు పోతాడు. చేతులు మాత్రమే వున్నవాడు వాటిని తీసుకొని మిరపచేనికి పోతాడు. కరువు ఒకటే, వూరు ఒకటే. మొదటి దారిలో పులి వుంది, అడవి వుంది, తనను తాను కనుక్కోవడం వుంది. రెండో దారిలో మేస్త్రీ వున్నాడు, కాటా వుంది, ఘాటుకు మండే చేతులున్నాయి. గొల్లల కథ రాసినాయన్ని మాదిగల కథ ఎందుకు రాయలేదని అడగడం అన్యాయం, మేం అడగం. రెండో దారిలో పోయొచ్చిన మనిషి కూడా ఏదో నేర్చుకొని వచ్చివుంటాడని విమర్శకు ఎందుకు తోచదని మాత్రం అడుగుతాం.

పల్లె జ్ఞాపకాలు రాసే సీమ పెద్దలు కపిలబావిని మరిచిపోరు. ఎద్దులు వాలులో దిగుతుంటే నీళ్ళు పైకి రావడం, తోలేవాని పాట, తెల్లవారుజాము. చాలా అందంగా రాస్తారు. ఆ తోలుబాన ఎవరు కుట్టినారు? చచ్చిన గొడ్డును యీడ్చుకొచ్చి, వొలిచి, లందలో తంగేడుచెక్కతో నానబెట్టి బాన కుట్టిచ్చిన మాదిగ, ఆ బావి దగ్గర దోసిలి పట్టుకొని పైనుంచి పోసేవాని కోసం నిలబడినాడు. చేనంతా తడిపింది ఆయన తోలే.

పట్నమే విముక్తి అంటున్నామా అంటే, లేదు. అద్దెయిల్లు అడగబోతే ‘మీరేమోళ్ళు?’ అనే ప్రశ్న పట్నంలోనూ గడపలో కాచుకొని వుంటాది. 2016 జనవరిలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టలు నుంచి గెంటబడిన రోహిత్ వేముల, అతని స్నేహితులు ఆరుబయట వేసుకున్న గుడారానికి ‘వెలివాడ’ అనే పేరు పెట్టుకున్నారు. వూరి మాట పట్నానికి అట్లా నడిచొచ్చింది.

మాకూ వూరు గుర్తొస్తాది. బుడ్డల చెట్లు పీకేటప్పటి మట్టివాసన, పీర్లపండగ రాత్రి తప్పెట మోత. ఆ తప్పెట కొట్టింది మా తాత. కూలికి కాదు, వెట్టికి. దళిత కవుల్లోనూ కొందరు యీ మధ్య మోతను వుంచుకొని వెట్టిని వదిలేస్తాండారు. మనవాళ్ళని వూరుకోలేం.

ప్రకృతి వ్యవసాయం చేసుకుంటూ వూళ్ళోనే వుండొచ్చు గదా అని ఒక సదస్సులో ఒక పెద్దమనిషి మాకు సలహా యిచ్చినాడు. యింటికొచ్చి చెబితే మా అవ్వ నవ్వింది.

“సేయొచ్చు నాయనా. సేను యాడుందో ఆయప్పను అడగల్యా నువ్వు?”

అవ్వ అడిగిందే అసలు సంగతి. వాడకు భూమి వుంటే చాలాచోట్ల అది డీకేటీ పట్టా భూమి, గుట్టల వాలులో రాళ్ళ నేల. అమ్మకూడదు, కొనకూడదని 1977 చట్టం. అయినా కాగితం మా పేరున, సాగు యింకొకని చేతిలో వుండటం కొత్త కాదు. 2023లో చట్టాన్ని సవరించి, 20 ఏండ్లు దాటిన అసైన్డు భూముల్ని అమ్ముకునే హక్కు యిచ్చినారు. 2024లో ప్రభుత్వం మారినంక అక్రమాలు జరిగినాయని విచారణ పెట్టి రిజిస్ట్రేషన్లు ఆపినారు. యీ హక్కు మీద మా వాడల్లోనే రెండు మాటలున్నాయి. ఆసుపత్రి ఖర్చుకు అమ్ముకోనీ అనేవానిది తప్పని మేం అనలేం. కొనేది ఎవరనేది మాత్రం చూస్తాండాం. పట్నాల చుట్టూ, రహదారుల పొడవునా ‘ఫామ్‌ల్యాండ్’ బోర్డులు లేచినాయి. పట్నం విసిగినవాడు ఒక ఎకరా కొంటాడు, కంచె వేస్తాడు, నాలుగు మామిడిచెట్లు నాటి ఒక కాపలామనిషిని పెట్టుకుంటాడు. సరళ జీవితం మీద వ్యాసాలు రాసే మిత్రులు ఆ గేటు దగ్గర కాసేపు నిలబడి, ఆ కాపలామనిషిది ఏ వాడ, ఆ ఎకరా అంతకుముందు ఎవరి పేరున వుండేదని అడిగి, ఆయన చెప్పింది కూడా రాస్తే చదవాలని మాకుంది.