నాలుగు అంచుల గుడ్డ

పెరూలోని కుస్కో నగరం నుంచి చిన్‌చెరోకు షేర్ వ్యాన్‌లో గంటలోపే చేరుకోవచ్చు. ఊరు సుమారు 3,760 మీటర్ల ఎత్తున ఉంది కనుక దిగగానే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. కోకా ఆకుల టీ తాగి నింపాదిగా నడవాలి. ఆదివారం సంతలో ఒక పక్క రైతులు బంగాళాదుంపలు, మొక్కజొన్న అమ్ముతుంటారు. సరుకుకు సరుకు మార్చుకునే పద్ధతి ఇంకా పోలేదు. మరో పక్కంతా గుడ్డలే. జేబు పలచనైన యాత్రికుడికి పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు గుడ్డల్లో ఒకదాని ధర రెండోదానికి ఎన్నో రెట్లు ఎందుకుంటుంది? జవాబు కావాలంటే నేతపని చూపించే వాకిళ్లలో కాసేపు కూర్చోవాలి.

పని ఉన్నితో మొదలవుతుంది. గొర్రె ఉన్నినో, అల్పాకా ఉన్నినో 'సక్తా' అనే దుంప తురిమిన నీళ్లలో ఉతుకుతారు. అది కుంకుడు రసంలా నురగ కడుతుంది. 'పుస్కా' అనే చేతి కదురుతో నడుస్తూ, గొర్రెలు కాస్తూ కూడా నూలు వడుకుతారు. రెండు పోగులు కలిపి మళ్లీ పురిపెడతారు. మగ్గం మీద లాగుడుకు తెగకుండా నిలబడేది ఆ పురితోనే.

రంగుల్లో రాణి ఎరుపు. నాగజెముడు మీద బతికే కోచినీల్ పురుగులను ఎండబెట్టి నూరితే వస్తుంది. అందులో నిమ్మరసం పిండితే ఒక ఛాయ, ఖనిజ లవణం కలిపితే ఇంకో ఛాయ. ఆకుపచ్చకు చిల్కా ఆకులు, పసుపుకు కోల్యే పూలు మరిగిస్తారు.

మగ్గానికి చట్రం ఉండదు. పడుగు ఒక కొసను గుంజకు కట్టి, రెండో కొసను నడుము పట్టీకి తగిలిస్తారు. నేతగత్తె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. నమూనా అంతా పడుగు పోగుల్లోనే ఉంటుంది, పేక లోపల దాగిపోతుంది. ఏ రంగు పోగు పైకి ఎత్తాలో, ఏది కిందికి దించాలో కాగితం మీద ఉండదు, జ్ఞాపకంలోనే ఉంటుంది. 'రుకి' అనే లామా ఎముకతో పేకను దగ్గరికి కొడతారు. పిల్లలు మొదట సన్నటి పట్టీలు నేసి ఈ విద్య పట్టుకుంటారు.

ఇలా నేసిన గుడ్డకు కత్తెర తగలదు. నాలుగు వైపులా నేసిన అంచే. చివరి కొద్ది అంగుళాలే కష్టం: పోగుల మధ్య సందు ఇరుకై, పేకను సూదితో దూర్చాల్సి వస్తుంది. మిల్లు గుడ్డను తానులోంచి కత్తిరిస్తారు కనుక దాని కొసలు మడిచి కుట్టి ఉంటాయి. కొనేముందు తిరగేసి చూడండి. మంచి పట్టీల్లో చాలావాటికి వెనకవైపూ అదే నమూనా, రంగులు మాత్రం తారుమారు.

చవక యాక్రిలిక్ నూలు, రసాయన రంగులు వచ్చాక ఈ విద్య చాలావరకు మరుగున పడింది. ఇదే ఊళ్లో పుట్టిన నీల్దా కయ్యన్యావ్పా 1996లో కుస్కోలో సంప్రదాయ నేత కేంద్రం స్థాపించి, పెద్దల దగ్గర మిగిలిన పనితనాన్ని పిల్లలకు అందే దారి చేశారు. నేతకు తగిన కూలి వస్తేనే ఆ పిల్లలు మగ్గం దగ్గర ఉంటారు. కాబట్టి డబ్బు తక్కువున్నవాళ్లు నాలుగు మిల్లు శాలువాలకు బేరమాడే బదులు ఒక్క చేనేత పట్టీని అడిగిన ధరకు కొనడం మేలు.