ఊరు లేనివాళ్ల ఊరి బెంగ

వర్ణవివక్ష కాలపు దక్షిణాఫ్రికా పాటల గురించి మనవాళ్లు రాసేటప్పుడు 'మాతృభూమి మమకారం' అని ఒక్క ముక్కతో తేల్చేస్తుంటారు. 1960లో తల్లి చనిపోతే ఇంటికి పోదామనుకున్న మిరియం మకేబా పాస్‌పోర్టును తెల్లదొరతనం రద్దు చేసింది. 1990 దాకా ఆమెకు ఇల్లు చేరే దారి లేదు. ఆ గొంతులో బెంగ ఉంది, కాదనం. ఆ బెంగ కింద ఒక దావా కూడా ఉంది: ఈ నేల మాది, మీరు గుంజుకున్నారు అని. కార్మిక నాయకుడు వూయిసిలె మిని కట్టిన పాటయితే ప్రధాని ఫెర్వూర్డ్‌నే పేరుపెట్టి హెచ్చరించింది. ఆయన్ని 1964లో ఉరితీశారు.

ఇదే కొలతతో మన నెల్లూరు తీరపు వలసను కొలవగలమా? 1860 నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా నెటాల్ చెరుకుతోటలకు పోయారు. ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లే. ఓడ రిజిస్టర్లలో పేరు పక్కన కులం, జిల్లా, ఊరు రాసుకున్నారు. అందులో నెల్లూరు జిల్లా ఉంది. మాల అని ఉంది, మాదిగ అని ఉంది. సముద్రం దాటకముందే కులం కాగితమెక్కింది.

ఆ మాలపల్లె ఆడమనిషికి బెంగ దేనిమీద? చెరువు ఆమెది కాదు, గుడి ఆమెది కాదు, నాట్లేసిన మడీ ఆమెది కాదు. ఉన్న ఊళ్లోనే ఊరి బయట ఉంది గదా! ఆమె తలుచుకునేది తల్లిని, వదిలొచ్చిన బిడ్డని, తనవాళ్లను పూడ్చిన దిబ్బని. దాన్ని 'పల్లెతల్లి మీద ప్రేమ' అనేవాడు ఊరి నడిమధ్య పుట్టినవాడై ఉండాలి.

1927 కేప్‌టౌన్ ఒప్పందం తర్వాత, తిరిగిపోయేవాళ్లకు ఓడ ఖర్చూ పైన కొంత డబ్బూ ఇచ్చి పంపారు. అట్లా వచ్చినవాళ్లు ఇక్కడ ఆకలితో, కులం కట్టుబాట్లతో ఎట్లా నలిగారో భవానీ దయాళ్ సన్యాసి 1931 నివేదికలో రాశాడు. అక్కడ మిగిలినవాళ్ల సంతతిని గ్రూప్ ఏరియాస్ చట్టం (1950) మళ్లీ లేపింది. డర్బన్‌లో కేటో మేనర్‌లో కూరగాయలు పండించుకున్న కుటుంబాలను చాట్స్‌వర్త్ ఇళ్లకు తోలారు. ఆ కేటో మేనర్ బెంగలో మాత్రం మకేబా దావా వినిపిస్తుంది. అది వాళ్లు తమ చేతులతో చేసుకున్న ఊరు.

నెల్లూరుకు పైన, అదే తీరంలో, 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మిగిలినవాళ్లు చీరాల చేరారు. తిరిగి రమ్మంటే రామన్నారు, అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. కారంచేడు మీద పుట్టిన పాటలను ప్రవాస గీతాలుగా చదివినవాళ్లు మన విమర్శలో ఎందరున్నారు?